మెటల్ డిటెక్టర్ మోగింది సరే, ఆ తర్వాత ఏం చేస్తారన్నదే అసలు విషయం

1992 నవంబర్‌లో ఇంగ్లండ్‌లో హాక్సన్ అనే ఊళ్ళో ఎరిక్ లాస్ అనే రిటైరైన ఆయన డిటెక్టర్ పట్టుకుని పొలంలోకి వెళ్ళాడు. వెళ్ళింది నిధి కోసం కాదు, ఆ పొలం రైతు సుత్తి ఎక్కడో పారేసుకుంటే వెతికిపెడదామని. సుత్తి కంటే ముందే గట్టి సిగ్నల్ వచ్చింది, తవ్వితే వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. మనం చిన్నప్పట్నుంచి వింటున్న లంకె బిందెల కథ అచ్చం ఇలాగే ఉంటుంది కదా, కానీ ఆ కథల్లో ఎవరూ చెయ్యని పని ఒకటి ఆయన చేశాడు, కొంత బయటికి తీశాక తవ్వడం ఆపేశాడు. ఆపి అధికారులకి కబురు పెట్టాడు, మర్నాడు ఆర్కియాలజిస్టులు వచ్చి మిగతాది వాళ్ళు తీశారు.

ఆ ఆపడం వల్ల ఏం ఒరిగిందో చూడండి. మొత్తం దాదాపు 15 వేల రోమన్ నాణేలు, ఇంకో 200 దాకా వెండి బంగారు వస్తువులు, ఈ లెక్క ఎవరు ఎలా తవ్వినా వచ్చేదే. కానీ వాటిని పెట్టిన చెక్కపెట్టె ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, మిగిలినవల్లా ఇనప బందులు, కీళ్ళు, వేలెడంత వెండి తాళాలు, ఎముకతో చేసిన నగిషీ ముక్కలు. ఏ ముక్క ఏ మూల ఎంత లోతులో ఉందో రాసుకుంటూ తీశారు కాబట్టి అది సుమారు 60 సెంటీమీటర్ల పొడవున్న ఓక్ పెట్టె అని, లోపల మళ్ళీ చిన్న పెట్టెలున్నాయని, గిన్నెలు ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో గడ్డి పెట్టారని తేలింది. నాణేల్లో ఆఖరివి 407, 408 నాటివి, అంటే బ్రిటన్ రోమన్ల చేతుల్లోంచి జారిపోతున్న రోజులు. ఆ రోజుల్లో ఎవరో ఒక ఇంటివాళ్ళు కూర్చుని, గిన్నెల మధ్య గడ్డి పెట్టి, తాళాలేసి, మళ్ళీ వచ్చి తీసుకుందామని పాతిపెట్టారు, రాలేకపోయారు. ఇదంతా మనకి చెప్పింది బంగారం కాదు, కీళ్ళు ఎక్కడున్నాయి అన్న సంగతి. గోనెసంచిలో అన్నీ కలిపి పోసేసుకుని ఉంటే ఆ ఇల్లు, ఆ జాగ్రత్త, ఏదీ మనదాకా వచ్చేది కాదు.

డిటెక్టింగ్ గురించి జనం రెండు రకాలుగా మాట్లాడతారు, ఒకళ్ళేమో అది దొంగపని అంటారు, ఇంకొకళ్ళేమో మట్టిలో పడి కుళ్ళిపోయేదాన్ని మేం కాపాడుతున్నాం అంటారు. రెండూ పూర్తి నిజం కాదని నా అభిప్రాయం. ఒకే మెషిన్, ఒకే మనిషి, ఒకే పొలం, అయినా ఒక రోజు చేసింది చరిత్రకి మేలు, ఇంకో రోజు చేసింది నష్టం అయ్యే అవకాశం ఉంది, తేడా వస్తువులో లేదు, అది ఉన్న చోటుని ఏం చేశాం అన్నదాంట్లో ఉంది. ఆర్కియాలజీ వాళ్ళు దీన్నే కాంటెక్స్ట్ అంటారు. ఏ పొరలో ఉంది, పక్కన ఏముంది, పైన ఏముంది, కింద ఏముంది, బోర్లా పడి ఉందా నిలువునా గుచ్చుకుని ఉందా, ఇవన్నీ. అవి తెలీకుండా వస్తువు ఒక్కటే తెచ్చుకోవడం అంటే దస్తావేజులోంచి స్టాంపు పీక్కుని కాయితం పారేసినట్టు.

దీనికి ఇంత బాధాకరమైన ఉదాహరణ ఇంకోటి లేదేమో, నెబ్రా పళ్ళెం. 1999లో జర్మనీలో నెబ్రా ఊరి దగ్గర కొండమీద ఇద్దరు మనుషులు ఏ అనుమతీ లేకుండా డిటెక్టర్‌తో తిరిగి తవ్వేశారు. వాళ్ళకి దొరికింది సుమారు 32 సెంటీమీటర్ల వెడల్పు, రెండు కిలోల దాకా బరువున్న కంచు పళ్ళెం, దాని మీద బంగారు రేకుతో నెలవంక, నక్షత్రాలు, సూర్యుడో నిండు చంద్రుడో తెలీని గుండ్రటి బిళ్ళ. పనిముట్టు తగిలి అంచు దెబ్బతింది, బంగారం కొంత ఊడిపోయింది. దాంతోపాటే కత్తులు, గొడ్డళ్ళు కూడా దొరికాయని చెప్పారు, అన్నీ కలిపి 31 వేల మార్కులకి (మార్కు అంటే అప్పటి జర్మనీ డబ్బు) అమ్మేశారు. చేతులు మారి మారి చివరికి 2002లో స్విట్జర్లాండ్‌లో బాసెల్ నగరంలో పోలీసులు కొనేవాళ్ళలా వల పన్ని పట్టుకున్నారు, ఇప్పుడది హాలె మ్యూజియంలో భద్రంగా ఉంది. మరి నష్టం ఏంటి అంటారా, కంచుకి వయసు కట్టే పద్ధతి నేరుగా లేదు, పళ్ళెంతో పాటు దొరికిన కత్తుల నమూనా చూసి ఇది క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో పూడ్చింది అని లెక్క కట్టారు. కానీ కత్తులూ పళ్ళెమూ నిజంగా ఒకే గోతిలో ఉన్నాయా అన్నదానికి మొదటి సాక్షులు ఆ దొంగలే. తర్వాత మట్టి పరీక్షలు, ఆ చోట మళ్ళీ తవ్వకాలు అన్నీ చేసి ఎక్కువమంది పండితులు ఆ లెక్కనే నమ్ముతున్నారు, అయినా 2020లో గెబ్‌హార్డ్, క్రౌజె అనే ఇద్దరు ఆర్కియాలజిస్టులు అసలు ఇవి కలిసి దొరికినవే కావు, పళ్ళెం ఇంకో వెయ్యేళ్ళు తర్వాతిది అని వాదించారు, అటు వైపు వాళ్ళు గట్టిగా జవాబిచ్చారు. ఆకాశాన్ని అంత స్పష్టంగా చూపించే అంత పాత వస్తువు, దాని వయసు మీద వెయ్యేళ్ళ తేడాతో గొడవ! ఆ గోతిలోకి దిగింది దొంగలు కాకుండా పద్ధతి తెలిసినవాళ్ళయ్యుంటే ఈ గొడవ పుట్టేదే కాదు.

ఇప్పుడు మెషిన్ సంగతికి వద్దాం, ఎందుకంటే చాలా పొరపాట్లు మెషిన్ ఏం చెప్తుందో సరిగా తెలీకపోవడం వల్లే జరుగుతాయి. కింద ఉండే కాయిల్‌లోకి, అంటే తీగచుట్టలోకి, అటూ ఇటూ మారే కరెంటు పంపితే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, అది మట్టిలోకి దిగి లోహానికి తగిలితే ఆ లోహంలో చిన్న చిన్న సుడుల్లా కరెంటు తిరుగుతుంది, ఆ సుడులు మళ్ళీ తమ సొంత క్షేత్రాన్ని పుట్టిస్తాయి, దాన్ని రెండో కాయిల్ పట్టుకుంటుంది. పంపిన దానికీ తిరిగొచ్చిన దానికీ మధ్య ఎంత ఆలస్యం ఉందో చూసి స్క్రీన్ మీద ఒక నంబర్ వేస్తుంది. వెండి, రాగి లాంటి మందమైన మంచి వాహకాలకి పెద్ద నంబర్, పల్చటి రేకుకి చిన్న నంబర్. అంతే. అది వస్తువు పేరు చెప్పదు, వయసు అసలే చెప్పదు. సన్నటి బంగారు ఉంగరమూ కూల్‌డ్రింక్ డబ్బా మూతకుండే రింగూ ఒకే నంబర్ చూపిస్తాయి, పెద్ద ఇనప రేకు ఒక్కోసారి వెండి నాణెంలా మోగుతుంది. మంచి మట్టిలో నాణెం సైజు వస్తువు 20, 25 సెంటీమీటర్ల దాకా వినిపిస్తుంది, బిందె అంతదైతే ఇంకా కింద ఉన్నా పట్టుకుంటుంది, ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టిలో ఈ లోతు బాగా పడిపోతుంది.

పాత చోట్లలో అసలు చిక్కు మేకులతో వస్తుంది. పాత ఇల్లు, పాత కోట, పాత యుద్ధభూమి, ఎక్కడైనా తుప్పు పట్టిన మేకులు వందల్లో ఉంటాయి, నాణెం పక్కన ఒక్క మేకు ఉంటే చాలు ఆ మేకు సిగ్నల్ నాణేన్ని మింగేస్తుంది. ఇది కొత్త సమస్యేం కాదు, 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌కి తూటా తగిలినప్పుడు ఒంట్లో అదెక్కడుందో కనుక్కోవడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇలాంటి మెషినే తయారుచేసి తీసుకెళ్ళాడు, తూటా దొరకలేదు, పరుపులో ఉన్న ఉక్కు స్ప్రింగులు కూడా మెషిన్‌ని గందరగోళపెట్టాయని తర్వాత తేలింది. ఇప్పటి మెషిన్లలో దీనికి డిస్క్రిమినేషన్ అని ఒక సెట్టింగ్ పెట్టారు, ఇనుముని మ్యూట్ చేసేస్తుంది. హాయిగా ఉంటుంది, చెవులకి విశ్రాంతి. కానీ చారిత్రక స్థలంలో చరిత్రలో సగం ఇనుమే కదండీ, బాణం ములికి, గుర్రపు నాడా, తలుపు గొళ్ళెం, శవపేటిక మేకులు, తుపాకీ భాగాలు. ఒక వరసలో ఉన్న ఆరు మేకులు అంటే అక్కడ ఒకప్పుడు పెట్టె ఉందని అర్థం, మ్యూట్ చేసుకున్నవాడికి అక్కడ ఏమీ లేదు.

ఇంకా పెద్ద చెవుడు ఏంటంటే మెషిన్‌కి కుండపెంకు వినపడదు, ఎముక వినపడదు, పూస, గాజు, బొగ్గు, కాలిన గింజ ఏదీ వినపడదు. బొగ్గు ముక్క ఒక్కటి ఉంటే రేడియోకార్బన్ పరీక్షతో కాలం కట్టొచ్చు, దాన్ని పారతో పక్కకి నెట్టేసి కింద ఉన్న రాగి బిళ్ళ తీసుకుంటాం. లోహాన్ని అందుకోవడానికి లోహం కానివన్నీ చీల్చుకుంటూ వెళ్ళాలి, అదే ఈ పనిలో ఉన్న అసలు ప్రమాదం.

మరి మెషిన్‌ని సరిగ్గా వాడితే ఎలా ఉంటుంది? అమెరికాలో మోంటానాలో లిటిల్ బిగ్‌హార్న్ అని ఒక యుద్ధభూమి ఉంది, 1876 జూన్ 25, 26 తేదీల్లో కస్టర్ అనే సైనికాధికారి దళం లకోటా, షయాన్, అరాపహో యోధుల చేతుల్లో ఓడిపోయిన చోటు. కస్టర్‌తో ఉన్న సైనికుల్లో ఒక్కడూ మిగల్లేదు, కాబట్టి ఆ ఆఖరి గంటల్లో ఏం జరిగింది అన్నది వందేళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు రాసుకున్నారు, అటు పక్కన పోరాడిన యోధులు చెప్పిన మాటలని పెద్దగా లెక్కచెయ్యలేదు. 1983లో అక్కడ గడ్డి తగలబడి నేల బయటపడింది. తర్వాత రెండేళ్ళు డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ అనే ఆర్కియాలజిస్టులు డిటెక్టర్లు వాడటం బాగా తెలిసిన వాలంటీర్లని పెట్టుకుని ఆ మైదానం మొత్తం వరసలు వరసలుగా నడిపించారు. సిగ్నల్ వచ్చిన చోట తవ్వెయ్యడం కాదు, ముందు ఒక జెండా గుచ్చాలి, వెనక వచ్చేవాళ్ళు జాగ్రత్తగా మట్టి తీసి వస్తువుని అలాగే వదిలెయ్యాలి, ఆ వెనక సర్వే వాళ్ళు వచ్చి అది ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది, ఎంత లోతు అన్నీ కొలిచి రాసుకున్నాకే పైకి తియ్యాలి.

అలా తీసిన వాటిలో ఒక్కటి చేతిలో పెట్టుకుని చూద్దాం, ఒక రాగి తూటా డొప్ప. బొటనవేలంత ఉంటుంది, పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, పురాతన వస్తువుల బజార్లో పెడితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ అడుగున తుపాకీ సూది కొట్టిన గుంట ఉంటుంది, ఆ గుంట ఆకారం ఏ తుపాకీకి ఆ తుపాకీదే, మైక్రోస్కోప్ కింద పెట్టి రెండు డొప్పలు పోలిస్తే ఒకే తుపాకీవో కాదో చెప్పెయ్యొచ్చు, పోలీసు ఫోరెన్సిక్ వాళ్ళు చేసే పనే. ఇప్పుడు ఒక డొప్ప ఇక్కడ దొరికింది, అదే తుపాకీ డొప్ప ఇంకోటి చాలా దూరంలో అక్కడ దొరికింది అంటే, 1876లో ఒక మనిషి ఆ తుపాకీ పట్టుకుని ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళాడన్నమాట. అలాంటి డొప్పలు వందల్లో కలిపితే సైనికులు ఎక్కడ వరస కట్టారు, ఎక్కడ చెదిరిపోయారు, యోధులు ఎటునుంచి చుట్టుముట్టారు అన్నది మైదానం మీద గీత గీసినట్టు కనపడింది. సైనికుల దగ్గర ఒక్కో తూటా పెట్టి కాల్చే తుపాకులుంటే అవతలివాళ్ళలో చాలామంది దగ్గర వరసగా కాల్చే హెన్రీ, వించెస్టర్ తుపాకులున్నాయని కూడా తేలింది. యోధులు చెప్పిన మాటలు చాలావరకు ఈ డొప్పలతో సరిపోయాయి. వందేళ్ళు నమ్మని మనుషుల మాటకి నేలలో సాక్ష్యం దొరికింది, ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అదే డొప్పని అంతకుముందు ఏ యాత్రికుడో జ్ఞాపకంగా జేబులో వేసుకుని వెళ్ళుంటే అది ఒట్టి డొప్ప.

ఇక్కడ డిటెక్టింగ్ వాళ్ళ వాదన ఒకటి న్యాయమైనది ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. సాగులో ఉన్న పొలంలో పై 20, 30 సెంటీమీటర్ల మట్టి ఏటా నాగలి కింద తిరగబడుతూనే ఉంటుంది, అందులో పడ్డ వస్తువు ఎప్పుడో తన పొర నుంచి కదిలిపోయింది, ఏడాదికో దెబ్బ తింటుంది, దాన్ని వదిలేస్తే ముక్కలైపోయేదే. కాబట్టి దున్నిన మట్టిలోంచి అనుమతితో తీసి, దొరికిన చోటు జీపీఎస్‌తో రాసుకుని, తెలియజేస్తే అది నిజంగానే కాపాడటమే. జర్మనీలో కాల్క్రీజె దగ్గర జరిగింది ఇదే, 1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి అక్కడి ఆర్కియాలజిస్టుకి చెప్పి, అనుమతి తీసుకుని వెతికితే రోమన్ వెండి నాణేలు దొరికాయి, తర్వాత వడిసెలతో విసిరే సీసం గుళ్ళు మూడు దొరికాయి. నాణేలు వర్తకుడివీ కావచ్చు, సీసం గుళ్ళు మాత్రం సైన్యానివే. ఆ మూడు గుళ్ళ వెంట పడి తవ్వుకుంటూ పోతే, క్రీస్తుశకం 9లో వారుస్ అనే రోమన్ సేనాని మూడు లీజియన్లతో, అంటే మూడు పెద్ద సైన్యదళాలతో సహా నాశనమైన యుద్ధం జరిగింది ఇక్కడే అని ఎక్కువమంది ఒప్పుకునేదాకా వచ్చింది. కానీ ఈ వాదన దున్నిన పొర వరకే. మట్టి రంగు మారి గట్టిపడింది, లేదా సిగ్నల్ ఇంకా కిందికి పోతోంది అంటే, మీరు ఎవరూ కదపని పొర మీద నిలబడ్డారని అర్థం, అక్కడ ఆగాలి. గడ్డి మైదానం, అడవి, ఎప్పుడూ దున్నని నేల, వీటిలో ఆ రక్షణ వాదన అసలు వర్తించదు.

చట్టాలు దేశాన్ని బట్టి మారిపోతాయి, ఒక దేశంలో హాబీ ఇంకో దేశంలో నేరం. ఇంగ్లండ్, వేల్స్‌లో పొలం యజమాని ఒప్పుకుంటే వెతకొచ్చు, రక్షిత స్థలాల్లో మాత్రం కుదరదు, 1996 ట్రెజర్ యాక్ట్ ప్రకారం నిధి కిందకొచ్చేది దొరికితే 14 రోజుల్లో చెప్పాలి, మ్యూజియం కొంటే విలువ కట్టి, మామూలుగా దొరికినవాళ్ళకీ యజమానికీ పంచుతారు. నిధి కానివి కూడా స్వచ్ఛందంగా నమోదు చేసే పథకం ఒకటి 1997 నుంచి నడుస్తోంది, 15 లక్షలకి పైగా వస్తువులు అందులోకి ఎక్కాయి. ఐనా ఈ చట్టంలో చాలాకాలం ఒక కన్నం ఉండేది, 2010లో క్రాస్బీ గారెట్ దగ్గర ముక్కలుగా దొరికిన రోమన్ శిరస్త్రాణం ముఖం తొడుగుతో సహా అద్భుతమైనది, కానీ బంగారమో వెండో కాదు, కంచుది కాబట్టి నిధి కిందకి రాలేదు, వేలంలో సుమారు 23 లక్షల పౌండ్లకి ఎవరి చేతుల్లోకో వెళ్ళిపోయింది. 2023లో నిర్వచనం మార్చి ప్రాముఖ్యత ఉన్న వస్తువు ఏ లోహమైనా లోపలికి తెచ్చారు. ఐర్లండ్‌లో పురాతన వస్తువుల కోసం అనుమతి లేకుండా డిటెక్టర్ వాడటమే నేరం. అమెరికా నేషనల్ పార్కుల్లో మెషిన్ దగ్గర పెట్టుకున్నా తప్పే, ఫెడరల్ భూమిలో, అంటే కేంద్ర ప్రభుత్వ భూమిలో, వందేళ్ళు దాటిన వస్తువుల్ని కాపాడటానికి 1979 చట్టం ఉంది. భారత్‌లో ఐతే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ యాక్ట్ ఇంకా అమల్లో ఉంది, నేలలో దాగినది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజెయ్యాలి, రక్షిత కట్టడాల దగ్గర తవ్వడం వేరే నేరం.

చెప్పకుండా దాచుకుంటే ఏమవుతుందో 2015లో ఇంగ్లండ్‌లో హెరెఫర్డ్‌షైర్‌లో కనపడింది. వైకింగ్ కాలం నిధి, సుమారు 300 నాణేలు ఉండుంటాయని అంచనా, దాన్ని కనిపెట్టిన ఇద్దరూ చెప్పకుండా చిల్లరగా అమ్మేశారు, 2019లో జైలుకి వెళ్ళారు, కోర్టు నాటికి చేతికి చిక్కిన నాణేలు 31. ఇంగ్లండ్‌లో అప్పటి రెండు రాజ్యాలైన వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్, మెర్సియా రాజు కియోల్‌వుల్ఫ్, ఇద్దరి పేరుతోనూ వేసిన కొన్ని నాణేల మీద ఒకటే బొమ్మ ఉంది, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు చక్రవర్తులు, అంటే వాళ్ళిద్దరూ మిత్రులుగా నిలబడ్డారని పండితులు అంటారు. తర్వాత ఆల్ఫ్రెడ్ వైపు వాళ్ళు రాసిన చరిత్రలో కియోల్‌వుల్ఫ్‌ని వైకింగుల చేతిలో కీలుబొమ్మలాంటి తెలివితక్కువ మనిషిగా తీసిపారేశారు. ఒక రాజుకి వెయ్యేళ్ళ తర్వాత జరగాల్సిన న్యాయం ఆ అమ్మేసిన నాణేలతో చాలావరకు చెదిరిపోయింది.

ఇక దొరికాక చేసే తప్పుల్లో మొదటిది కడగడం. మట్టి వదలగొట్టి మెరిసేలా చెయ్యాలనిపిస్తుంది, పులుపు పెట్టి తోమేస్తారు, బ్రష్ పెట్టి రుద్దేస్తారు. బంగారం ఒక్కటే నేలలో మారకుండా ఉంటుంది, మిగతావాటి మీద పట్టిన పొర ఒట్టి మురికి కాదు, రాగి నాణెం మీద పచ్చటి చిలుములోనే ఆ అక్షరాలు నిలబడి ఉంటాయి, చిలుము ఊడిందంటే అక్షరం కూడా దాంతోపాటే పోతుంది. ఇనుము తుప్పులో ఒక్కోసారి పక్కనున్న గుడ్డ నేత అచ్చు పడి ఉంటుంది, దారం కుళ్ళిపోయినా అల్లిక అలాగే మిగిలి, ఒక్క రుద్దుడుకి పోతుంది. రాగి, కంచు మీద లేత ఆకుపచ్చ పొడి మచ్చలు లేస్తుంటే అది లోపల ఉప్పు పనిచేస్తోందని గుర్తు, తేమ తగిలేకొద్దీ తినేస్తుంది, తేమ పీల్చే సిలికా జెల్‌తో పొడిగా పెట్టి కన్సర్వేటర్‌కి, అంటే పాత వస్తువులు పాడవకుండా చూసే నిపుణులకి ఇవ్వాలి. నీళ్ళలోంచి తీసినదైతే దీనికి పూర్తిగా తిరగేసి, ఆరనివ్వకుండా తడిగానే ఉంచాలి. సీసం మీద తెల్లటి పొడి విషం, వట్టి చేతులతో ముట్టుకోవద్దు, చెక్కపెట్టెలోనూ పెట్టొద్దు, చెక్క నుంచి వచ్చే ఆమ్లాలు సీసాన్ని తినేస్తాయి.

యుద్ధభూముల్లో గుండ్రంగా, బరువుగా, తుప్పు పట్టి ఏదైనా తగిలితే అక్కడే వదిలెయ్యండి. కదపొద్దు, కడగొద్దు, ఇంటికి తేవొద్దు. లోపల మందు వందేళ్ళ తర్వాత కూడా బతికుంటుంది, ఫ్రాన్స్, బెల్జియం పొలాల్లో మొదటి ప్రపంచయుద్ధం నాటి గుండ్లు ఇప్పటికీ ఏటా నాగలికి తగులుతూనే ఉన్నాయి, 2008లో అమెరికాలో వర్జీనియాలో పాత ఫిరంగి గుండ్లు శుభ్రం చెయ్యడంలో ఎంతో అనుభవం ఉన్న ఒకాయన సివిల్ వార్ (అమెరికా అంతర్యుద్ధం) నాటి గుండు మీద పనిచేస్తుండగా అది పేలి చనిపోయాడు. ఆ చోటు గుర్తుపెట్టుకుని వెనక్కి నడిచి పోలీసులకి ఫోన్ చెయ్యాలి.

మామూలు వస్తువైతే తీసే ముందు గోతిలో ఉండగానే ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి. తర్వాత జీపీఎస్ పాయింట్, లోతు ఎన్ని సెంటీమీటర్లు, మట్టి ఏ రంగు, పక్కన పెంకులు గానీ బొగ్గు గానీ ఉన్నాయా, తేదీ. వస్తువుని విడి కవర్లో వేసి ఆ వివరాలు ఒక చీటీ మీద రాసి అందులోనే పెట్టాలి, ఇంకో కాపీ నోట్‌బుక్‌లో. పెంకుల్నీ బొగ్గునీ ముట్టుకోకుండా వదిలి, గొయ్యి పూడ్చి, ఆ సాయంత్రమే సంబంధిత అధికారికి తెలియజెయ్యాలి.